మందార, బెండ ఆకులను చుట్ట చుట్టేస్తున్న పురుగు: రాత్రి లైటు దగ్గరికొచ్చేది దీని తల్లేనా?

కాలువగట్టు_కర్నూలు:

అందరికీ నమస్తే. మాది కర్నూలు, కేసీ కాలువకు దగ్గర్లోనే ఇల్లు. మేడ మీద పన్నెండు గ్రో బ్యాగుల్లో బెండ వేశాను, కింద గేటు పక్కన మా అత్తమ్మ నాటిన ముద్దమందార ఉంది, దానికీ మా పెద్దోడికీ ఒకటే వయసు. పది రోజుల నుంచి రెండింటి ఆకులూ చుట్టుకుపోతున్నాయి. ఎండకు ముడుచుకోవడం కాదండీ, ఎవరో తీరిగ్గా కూర్చుని చుట్ట చుట్టినట్టు ఒక అంచు నుంచి గుండ్రంగా తిరిగిపోయి, ఒక కొస సన్నంగా, ఇంకో కొస వెడల్పుగా, అచ్చం గరాటులా తయారవుతోంది. ఒకటి విప్పి చూశాను. లోపల సన్నని తెల్ల దారాలు ఒక్కొక్కటే తెగుతుంటే వేళ్లకు తెలిసింది. నల్లటి పెంటికలు బోలెడు, వాటి మధ్య గాజుపూసలా మెరిసే పచ్చ పురుగు, తల మాత్రం నల్లగా. వేలు తగిలిందో లేదో గిజగిజలాడుతూ వెనక్కి జరిగి అరచేతి మీంచి జారి పడిపోయింది, ఎంత వెతికినా మళ్లీ దొరకలేదు.

ఇక రెండోది. రాత్రి వరండాలో ట్యూబ్‌లైట్ కింద గోడ మీద చిన్న రెక్కల పురుగులు వాలుతున్నాయి, ఒకటీ రెండూ కాదు, ఏడెనిమిది. ఎండుగడ్డి రంగు రెక్కలు, మీద అడ్డంగా ముదురు గీతలు, చివర చీర అంచులాగా గోధుమరంగు పట్టీ. గోడ మీద త్రికోణంలా కూర్చుంటాయి. పిల్లల స్కేలు పెట్టి కొలిచాను, ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకు సెంటీమీటరున్నర. ఇవే వచ్చి నా బెండ మీద గుడ్లు పెడుతున్నాయని రోజూ రాత్రి చీపురు పట్టుకుని వెంటపడుతున్నాను. లైటు ఆర్పేస్తే సరిపోతుందా?

మందుల షాపులో అడిగితే ఆకు కూడా చూడకుండా "ఆకుముడత, మోనో కొట్టండి" అని సీసా చేతిలో పెట్టబోయాడు. తినే కాయలు కదా అని భయమేసి తెచ్చుకోలేదు. ఫోటోలు మూడు పెట్టాను, గోడ మీది పురుగు ఫోటో కొంచెం మసగ్గా వచ్చింది, ఏమనుకోవద్దు.

కదిరి_మెట్టసేద్యం:

తమ్ముడూ, ఫోటోతో పనేముంది, ఆకుముడతే. మా నాయన కాలం నుంచి మా ఇంటి చుట్టం అది. మాది కదిరి పక్కన, 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు సత్యసాయి జిల్లా, పేరేదైనా శెనక్కాయ చేను శెనక్కాయ చేనే కదా. మొక్కకు నెల దాటాక వాన మొహం చాటేసి రెండు వారాలు ఎండ కాసిందంటే ఇక చూసుకో. ముందు ఆకు మీద గోధుమ రంగు పొక్కులు వస్తాయి. ఆ ఆకు తెంపి ఎండకు ఎదురుగా పట్టుకుంటే పొక్కు లోపల దారప్పోగంత పురుగు కదలడం కనిపిస్తుంది. అంటే అది ఆకు పైనా లేదు, కిందా లేదు, రెండు పొరల మధ్యన దూరి పచ్చదనం తింటోంది. ఐదారు రోజులకు లావెక్కి లోపల పట్టదు, అప్పుడు బయటికొచ్చి పక్కపక్క ఆకులను దారాలతో కుట్టుకుని, లేదంటే ఒకే ఆకును మడిచి, ఆ గూట్లో కూర్చుని గీకుతుంది. ఎక్కువైన రోజున గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా మంట పెట్టినట్టు ఎర్రగా మాడి కనిపిస్తుంది. మా జేజి అయితే పురుగు సంగతి ఒప్పుకునేది కాదు, చేనికి ఎండదెబ్బ తగిలిందనేది. ఒక రకంగా ఆమె మాటా నిజమే, ఎండ కాస్తేనే అది పెరిగేది. ఒక్క గట్టి వాన పడితే చాలావరకు అణిగిపోతుంది.

దాని రెక్కల పురుగు బియ్యపు గింజంత కూడా ఉండీ లేనట్టుంటుంది, బూడిద రంగు, రెక్క ముందంచున చిన్న తెల్ల చుక్క. నువ్వు చెప్పే సెంటీమీటరున్నర మాత్రం నాకు సరిపడటం లేదు. మందారకు ఎక్కినాక బాగా తిని లావైందేమో!

మైదుకూరు_వరిమడి:

కదిరి అన్నా, అట్లా లావయ్యేదైతే మన రేషన్ కార్డుల్లో సగం మంది పేర్లు తీసేయాల్సిందే. 😀

కర్నూలు వాళ్లకు: గోడ మీద వాలింది మా వరి ఆకుముడత. ఫోటో మసగ్గా ఉన్నా ఆ గీతలు చాలు. రెక్క మీద రెండు గీతలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండుగా వస్తాయి, ఆ రెండింటి మధ్య మూడో గీత ఒకటి మొదలై సగంలోనే ఆగిపోతుంది. మీ ఫోటో పెద్దది చేసి చూడండి, ఉంది. మాది కూడా కేసీ కాలువ ఆయకట్టే, మీ ఊరు దాటి వచ్చే నీళ్లే మాకు. ఈ కాలంలో మడిలో గట్టు వెంబడి నడుస్తుంటే కాళ్ల ముందు నుంచి ఇవే గుంపులుగా లేచి నాలుగు బారలు పోయి మళ్లీ వాలుతాయి. మీ ఇంటి చుట్టుపక్కల వరి ఉంటే రాత్రికి మీ ట్యూబ్‌లైట్ దగ్గరికి రాక ఇంకెక్కడికి పోతాయి.

కానీ ఇది బెండను చుట్టడం నేనెప్పుడూ చూడలేదు. దీని పని వేరే. వరి ఆకును పొడుగునా మడిచి రెండంచులనూ దారాలతో కలిపి గొట్టంలా చేసుకుంటుంది, లోపల కూర్చుని పచ్చదనం మాత్రం గీకి తింటుంది, ఈనెల పొడుగునా తెల్ల చారలు పడతాయి. ఆకుకు చిల్లు పడదు, పల్చటి కాగితంలా మిగులుతుంది. ఒక ఆకుతో ఆగదు, అది అయిపోగానే ఇంకో ఆకు. చెట్టు నీడ పడేచోట, యూరియా చెయ్యి జారినచోట మరీ ఎక్కువ. మా పక్క మడి ఆయన పచ్చగా కనిపించాలని యూరియా గుమ్మరిస్తాడు, ముందు ఆయన మడే తెల్లబారుతుంది, ఏటా ఇదే కథ. పిలకలు వేసే దశలో మేం ఇద్దరం చెరో గట్టున నిలబడి తాడు పట్టుకుని పైరు మీదుగా రెండు మూడు సార్లు లాగుతాం, కొందరు కంప లాగుతారు, ముడతలు కదిలి పురుగులు నీళ్లలో పడతాయి. మీ పన్నెండు సంచులకు తాడెందుకులెండి.

కాబట్టి నా లెక్క ప్రకారం గోడ మీది పురుగు వేరు, మీ ఆకులోది వేరు. ఆకులోది ఏమిటో పత్తి వాళ్లు చెప్పాలి.

ఆదోని_పత్తిమిల్లు:

పిలిచారు కాబట్టి వచ్చాను. మొదటి ఫోటోలో ఆకు చూడగానే పాత స్నేహితుడు కనిపించినట్టైంది. ఇది పత్తి ఆకుచుట్టు పురుగు. పత్తి, బెండ, మందార, గోంగూర, గట్ల మీద మొలిచే తుత్తురబెండ, ఇవన్నీ ఒకే ఇంటి చెట్లు, అది వీటిని దాటి సాధారణంగా బయటికి పోదు. నా చిన్నప్పుడు మా చేన్లో గుబురుగా, నీడగా పెరిగిన పత్తి మొక్కల మీద ఈ గరాటులు వేలాడుతుండేవి, స్కూలు నుంచి వచ్చి ఒక్కొక్కటీ తుంచి కాలికింద వేసి తొక్కడం మా డ్యూటీ. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఏడాది ఏడాదికీ ఇది కనపడటం మానేసింది. కాయతొలుచు పురుగు కోసం విత్తనంలో పెట్టిన విషం దీనికీ తగులుతుంది కదా, రెండూ రెక్కల పురుగుల పిల్లలే. బీటీ సంచితో పాటు నాన్-బీటీ విత్తనాలు చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్లు, చుట్టూ ఐదు సాళ్లు వేయమని. బుద్ధిగా వేసినవాళ్లు తక్కువే, వేసినవాళ్లకు మాత్రం ఆ సాళ్లలో ఈ చుట్టలు కనిపించేవి. బెండకూ మందారకూ ఆ రక్షణ లేదు, అందుకే పాపం మీ మేడ ఎక్కింది.

మోనో సంగతి. మీరు తెచ్చుకోకపోవడమే మంచిదైంది. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకూడదని 2005లోనే కేంద్రం నిషేధించింది. బెండ రోజు విడిచి రోజు కోస్తాం, ఈరోజు కొట్టి ఎల్లుండి కూర వండుకుంటామా? పైగా చుట్ట లోపల దాక్కున్న పురుగు మీద బయట కొట్టిన మందు ఎంతని పడుతుంది. పన్నెండు సంచులకు మీ రెండు చేతులే మందు. పొద్దున్నే చుట్టలు తుంచి సబ్బునీళ్ల బకెట్‌లో వేయండి. విప్పకండి, విప్పితే మీరు చూసినట్టే జారి పడి తప్పించుకుంటుంది. చుట్టతో సహా తుంచేయాలి.

కాలువగట్టు_కర్నూలు:

అందరికీ థ్యాంక్స్. కదిరి అన్నా, తమ్ముడు కాదు, అక్కను. 😀

ఇప్పుడు టెన్షన్ ఇంకో రకంగా పట్టుకుంది. గోడ మీదివి వేరు, ఆకులోవి వేరు అంటున్నారు, మరి ఆకులోవాటి తల్లి నాకు ఒక్కసారి కూడా ఎందుకు కనిపించలేదు? ఇది అదేనని గట్టిగా తెలుసుకోవడం ఎట్లా?

పరదామీది_చిమ్మటలు:

అనంతపురం నుంచి. వారానికోసారి మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, ముందు బల్బు వేలాడదీసి, వచ్చిన రెక్కల పురుగులను ఫోటోలు తీసే పిచ్చి నాది. ఇంట్లో వాళ్లు దుప్పట్లు దాచేస్తున్నారు.

దుప్పటి మీద నేను ముందుగా నేర్చుకున్నది, లైటు దగ్గరికి వచ్చింది కాబట్టి ఇది మన మొక్కదే అనుకోకూడదని. లైటు అందరినీ పిలుస్తుంది. మైదుకూరు ఆయన చెప్పింది నూటికి నూరు సరైనది, గోడ మీదిది నఫాలోక్రోసిస్ మెడినాలిస్, వరి ఆకుముడత. మీ మూడో ఫోటోలో రెక్క ముందంచు మధ్యలో చిన్న నల్ల కుచ్చు కనిపిస్తోంది, అది మగది. మగది మీ బెండ మీద గుడ్లు ఎట్లాగూ పెట్టదు, చీపురు దెబ్బలు ఉత్తి పుణ్యానికి తిన్నది. ఆకులోది ఆదోని ఆయన చెప్పినదే అని నా అంచనా కూడా. దాని పేరు హారిటాలోడెస్ డెరొగేటా, వ్యవసాయం పాత పుస్తకాల్లో సైలెప్టా డెరొగేటా అని ఉంటుంది. ఇవి రెండూ క్రాంబిడే అనే ఒకే కుటుంబం, అందుకే గీతల డిజైన్ చూసి మోసపోవడం తేలిక. కదిరి ఆయన శెనక్కాయ పురుగు అప్రోఎరీమా మోడిసెల్లా, అది గెలెకిడే అనే వేరే కుటుంబం, వీటికి దూరపు చుట్టం మాత్రమే. ముగ్గురినీ మన జనం ఆకుముడత అనే పిలుస్తారు. తమాషా ఏమిటంటే పుస్తకాల్లో ఆకుచుట్టు పురుగుల కుటుంబమని టార్ట్రిసిడే ఒకటి వేరే ఉంది, ఈ ముగ్గురిలో ఒక్కటీ అందులోది కాదు.

అందుకే నేను రెక్కలు చూసి కాకుండా ముందు ఆకు చూసి మొదలుపెడతాను. రెక్కల మీది పొలుసులు రాలిపోతాయి, రంగు వెలుస్తుంది, ఫోటో మసకేస్తుంది. ఆకు మీద చేసిన పని మాత్రం అట్లాగే ఉంటుంది. పొడుగునా గొట్టం చేసిందా, పొక్కు చేసి తర్వాత కుట్టిందా, గరాటు చుట్టిందా? అది ఏ మొక్క? ఈ రెండూ తెలిస్తే మనిషి మొహం చూడకుండానే కుట్టు చూసి టైలర్ ఎవరో చెప్పినట్టే.

ఒకసారి మా మందార దగ్గర టార్చి పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. అరంగుళం పిల్ల పురుగు ఆకు అంచున నిలబడి తల అటూ ఇటూ ఊపుతోంది, ఊపిన ప్రతిసారీ నోటి కింద నుంచి దారం ఒక పోగు ఈ అంచుకూ ఆకు నడిమికీ మధ్య అతుక్కుంటోంది. పది ఇరవై పోగులయ్యాక కొంచెం జరిగి మళ్లీ అక్కడ. ఒక్క పోగు ఏం చేస్తుంది, కానీ అన్నీ కలిసి లాగేసరికి అంచు కొద్దికొద్దిగా లేచి లోపలికి వాలింది. అట్లా ఇంకో వరస. గంటకు చుట్ట సగం కూడా కాలేదు, నాకు దోమలు కుట్టి లేచిపోయాను, అది మాత్రం ఆగలేదు. మరీ చిన్నప్పుడు ఇవి చుట్టవు, ఆకు అడుగున ఉండి గీకుతాయి, పెద్దయ్యాకే ఇంటి పని మొదలు. తినడం, పెంటికలు వేయడం, చివరికి ప్యూపాగా (రెక్కలొచ్చే ముందు తిండి మానేసి కదలకుండా పడుండే దశ) మారడం, అన్నీ చాలావరకు ఆ చుట్టలోనే. కొన్ని మాత్రం కింద రాలిన ఆకుల్లోకి దిగి ప్యూపా అవుతాయి, కాబట్టి కుండీల్లో ఎండుటాకులు ఏరేయండి.

తల్లిని చూడాలంటే సులువు. హార్లిక్స్ సీసా తీసుకోండి, లోపల పేపరు ముక్క వేసి నాలుగు చుట్టలు, తాజా మందారాకు ఒకటి రెండు పెట్టండి, మూతికి పాత ఓణీ గుడ్డ రబ్బరు బ్యాండుతో కట్టండి. ఎండ తగలనిచోట పెట్టి రోజూ ఆకు మార్చండి. తడి ఎక్కువైతే బూజు పడుతుంది, అది ఒక్కటే జాగ్రత్త. ప్యూపా అయినాక వారం, పన్నెండు రోజుల్లో రెక్కలొస్తాయి. ఇది మీ గోడ మీదిదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, మీగడ రంగు రెక్కల మీద గోధుమరంగు వంకరటింకర గీతలు, తల దగ్గరా వీపు మీదా నల్ల చుక్కలు. ఆ చుక్కలు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇంకో మాట, తుంచేటప్పుడు చుట్టలో పురుగు పక్కన బియ్యపు గింజల్లాంటి తెల్లటి చిన్న గూళ్లు కనిపిస్తే వాటిని సబ్బునీళ్లలో వేయకండి. అవి పురుగు గుడ్లు కావు. పురుగు ఒంట్లో పెరిగి బయటికొచ్చిన చిన్న కందిరీగలవి. మనకు జీతం లేకుండా పని చేసేవాళ్లు.

మైదుకూరు_వరిమడి:

మగది ఉత్తి పుణ్యానికి దెబ్బలు తిన్నదన్న మాటకు మా ఇంట్లో అందరూ నవ్వారు.

ఆదోని_పత్తిమిల్లు:

మరీ ఎక్కువై చేత్తో ఏరడం కుదరకపోతే 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మి.లీ., కొంచెం సబ్బు కలిపి ఆకు అడుగు తడిసేలా సాయంత్రం కొట్టండి. చుట్టకముందు అడుగున ఉన్న చిన్న పురుగులకు పని చేస్తుంది. చుట్టేసినవాటికి మాత్రం చెయ్యే.

కాలువగట్టు_కర్నూలు:

పదమూడు రోజుల తర్వాత వచ్చాను, లేటుకు సారీ. సీసాలో నాలుగు చుట్టలు పెట్టాను. రెండో రోజుకే ఒకటి తినడం మానేసింది, పచ్చదనం పోయి కాస్త గులాబీ రంగుకు తిరిగింది, మర్నాటికి ఎర్ర గోధుమరంగు ప్యూపా, చింతగింజ రంగు అనుకోండి. ఇంకో రెండు మూడు రోజులకు మరో రెండు. నాలుగో చుట్టలో పురుగు కదలకుండా వాడిపోయి ఉంది, దాని పక్కనే పరదా ఆయన చెప్పిన తెల్ల గింజ ఒకటి. ఐదు రోజులకు అందులోంచి చీమంత నల్ల ఈగ లాంటిది బయటికొచ్చి ఓణీ గుడ్డ కింద తిరుగుతుంటే మా చిన్నోడు గుడ్డ విప్పి వదిలేశాడు. ఉద్యోగానికి పోయిందట.

నిన్న పొద్దున మొదటి ప్యూపా నుంచి తల్లి వచ్చింది. రెక్కలు పూర్తిగా పరిచి సీసా గోడకు బల్లపరుపుగా అంటుకుని కూర్చుంది. స్కేలు పెట్టాను, దగ్గర దగ్గర 3 సెంటీమీటర్లు. మీగడ రంగు, కాఫీ ఒలికి ఆరిపోయిన మరకల అంచుల్లా గీతలు. వీపు మీద నల్ల చుక్కలున్నాయి. గోడ మీద వాలేవాటితో దీనికి పోలికే లేదు! ఇన్నాళ్లూ నేను చీపురుతో కొట్టింది ఎవరి పొలం వాళ్లనో. ఇప్పుడు వరండా లైటు జోలికి పోవడం లేదు.

మేడ మీద మొదటి రోజు నలభై మూడు చుట్టలు తుంచాను, మూడో రోజు పదకొండు, ఈరోజు రెండే. ఎక్కువ దొరికింది నీళ్ల ట్యాంకు నీడ పడే నాలుగు సంచుల్లో, ఆదోని ఆయన నీడ సంగతి చెప్పాక అక్కడే ముందు వెతికాను. మందార మాత్రం మా అత్తమ్మ చూసుకుంటోంది, దేవుడికి పూలు కోసేటప్పుడే చుట్టలూ కోసి ఒళ్లో వేసుకుంటుంది, పూలెన్నో చుట్టలన్ని అని లెక్క కూడా చెబుతుంది. వెనక గోడవతల తుత్తురబెండ నిజంగానే ఉంది, దాని మీదా ఇవే గరాటులు. దాన్ని పీకించాలా వదిలేయాలా?

పరదామీది_చిమ్మటలు:

అది ఖాళీ స్థలంలో ఉంటే నేనైతే ఉంచుతాను, ఆ తెల్ల గింజలవాళ్లకూ ఒక ఇల్లు ఉండాలి కదా. ఆదోని ఆయన ఒప్పుకోడు.

ఆదోని_పత్తిమిల్లు:

ఒప్పుకోను. పక్కన బెండ పెట్టుకుని గోడవతల దాని మేనమామ ఇల్లు ఉంచడమేంది. పీకేయండక్కా. కనీసం చుట్టలున్న కొమ్మలైనా విరిచేయండి.

కదిరి_మెట్టసేద్యం:

అక్కా, తమ్ముడూ అన్నందుకు ఏమనుకోవద్దు. నేను కూడా మా చేన్లోది ఒకటి తెచ్చి సీసాలో పెట్టాను, నిన్న వచ్చింది. చిన్న పొట్టు ముక్క గోడకు అంటుకున్నట్టుంది, రెక్కలు మీ దాని మాదిరి పరవదు, ఒంటికి దగ్గరగా మడుచుకుని కూర్చుంటుంది. తెల్ల చుక్క చూడటానికి మా పాప భూతద్దం అడుక్కోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లుగా దానికి మందు కొడుతున్నా, మొహం చూడటం ఇదే మొదలు. రాత్రి ఇక్కడ గట్టి వాన పడింది, లేపాక్షి రకం శెనక్కాయ వేసిన నాలుగెకరాల్లో ముడత ఎంత అణిగిందో చూసొచ్చి ఫోటో పెడతా.